బాలింతకు కడుపునొప్పి: ఏది ఇంట్లో చూసుకోవచ్చు, దేనికి రేవు దాటాలి

కాన్పయిన రెండో రోజో మూడో రోజో బిడ్డను రొమ్ముకు పెట్టుకోగానే పొత్తికడుపును ఎవరో పట్టి మెలిపెట్టినట్టు నొప్పి వచ్చి, బిడ్డ పాలు తాగడం అయిపోయాక ఆ నొప్పి సద్దుమణిగితే, మీరు భయపడవలసిన పని లేదు. అదే, అప్పటిదాకా హాయిగా లేచి తిరుగుతున్న బాలింతకు పన్నెండో రోజున పొత్తికడుపులో సన్నని నొప్పి కొత్తగా మొదలై, సాయంత్రానికి చలి పుట్టి, మైల (కాన్పు తర్వాత అయ్యే స్రావం) దుర్వాసన కొడితే, ఆ నొప్పి ఎంత చిన్నదైనా ఆ పూటే ఆసుపత్రికి వెళ్ళాలి. మా కోనసీమ ఇళ్ళలో ఈ రెండింటినీ "బాలింత నొప్పులే, అవే పోతాయి" అనే ఒక్క మాటతో సరిపెట్టడం నేను చాలాసార్లు చూశాను. నొప్పి ఎంత గట్టిగా ఉందన్న దానికన్నా, అది రోజురోజుకూ తగ్గుతోందా, లేక తగ్గి మళ్ళీ మొదలైందా అన్నది ముఖ్యం. దాన్ని ఇంట్లో ఎలా గమనించాలో, ఏ నొప్పికి ఏం చేయాలో, రేవు దాటితే గానీ ఆసుపత్రికి చేరలేని గోదావరి లంకల్లో ఉన్నవారు ఏ వేళకు నిర్ణయం తీసుకోవాలో వరుసగా చెబుతాను. బాలింతకూ, ఆమెకు పురుడు పోస్తున్న తల్లికీ అత్తగారికీ కలిపి రాస్తున్నాను.

ముందుగా గోడ క్యాలెండరు మీద రోజులు లెక్కపెట్టండి

తిథి వార నక్షత్రాలు చూసుకోవడానికి ప్రతి ఇంట్లోనూ గోడకు ఒక క్యాలెండరు వేలాడుతూ ఉంటుంది. కాన్పయిన మరునాటి నుంచి ఒకటి, రెండు, మూడు అని ఆ గడుల్లో పెన్సిలుతో వేసుకుంటూ 42 దాకా వెళ్ళండి. ప్రతి గడిలో ఆ రోజు ఉదయం, సాయంత్రం చూసిన జ్వరం, మార్చిన ప్యాడ్ల లెక్క, మైల రంగు, నొప్పి నిన్నటికన్నా ఎక్కువా తక్కువా అన్నది పొట్టి మాటల్లో రాయండి. రెండు నిమిషాల పని అయినా, రేపు డాక్టరు "ఎప్పటినుంచి?" అని అడిగినప్పుడు ఇంట్లో నలుగురూ నాలుగు మాటలు చెప్పే అవస్థ తప్పుతుంది.

ఈ లెక్క ఎందుకంటే, గర్భసంచి తగ్గే తీరుకు ఒక క్రమం ఉంది. కాన్పు అయిన వెంటనే సుమారు ఒక కిలో బరువుతో, పై అంచు బొడ్డు దగ్గరగా ఉండే గర్భసంచి, రోజుకు ఇంచుమించు ఒక వేలి మందం చొప్పున కిందికి దిగుతూ, పది నుంచి పద్నాలుగు రోజులకు కటి ఎముకల లోపలికి వెళ్ళిపోయి, పైనుంచి చేతికి అందకుండా పోతుంది. ఆరు వారాలకు దాదాపు పూర్వపు పరిమాణానికి వస్తుంది. మైల కూడా అలాగే నడుస్తుంది. మొదటి మూడు నాలుగు రోజులు ఎర్రగా, ఆ తర్వాత పది రోజుల వరకు గులాబీ లేదా గోధుమ రంగుగా, అటుపైన పసుపు కలిసిన తెలుపుగా మారుతూ, నాలుగు నుంచి ఆరు వారాల్లో ఆగిపోతుంది. నొప్పి ఈ క్రమంతో పాటు తగ్గుతూ ఉండాలి. గోధుమ రంగుకు మారిన మైల మళ్ళీ చిక్కటి ఎరుపుకు తిరిగి, దానితో పాటు నొప్పి పెరిగితే క్రమం తప్పిందని గ్రహించాలి. ఎక్కువ పని చేసిన రోజున మైల కాస్త ఎర్రబడి, పడుకోగానే తగ్గడం మాత్రం మామూలే.

జ్వరాన్ని చేత్తో తాకి చూడటం చాలదు. డిజిటల్ థర్మామీటరు ఒకటి కొని, నాలుక కింద పెట్టి చూడండి. వేడి పాలో కాఫీయో తాగి ఉంటే అరగంట ఆగండి. జ్వరం మాత్ర వేసుకున్న తర్వాత చూస్తే అంకె తక్కువగా కనిపించి మోసం చేస్తుంది కాబట్టి, నొప్పికి పారాసెటమాల్ వేసుకోబోయే ముందే చూసి రాసుకోండి. 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ లేదా అంతకు మించి ఉంటే, దానికి పాల చేపు వచ్చిందనీ, దిష్టి తగిలిందనీ కారణాలు వెతుక్కోకుండా డాక్టరుకు చూపించండి.

పాలిచ్చేటప్పుడు వచ్చే నొప్పిని ఇలా తగ్గించుకోండి

బిడ్డ చప్పరించినప్పుడు తల్లి ఒంట్లో ఆక్సిటోసిన్ అనే హార్మోను విడుదలవుతుంది. పాలను చేపించేదీ అదే, గర్భసంచిని బిగించేదీ అదే. ఆ బిగింపు వల్ల మాయ ఊడిన చోట తెరుచుకుని ఉన్న రక్తనాళాలు మూసుకుపోయి రక్తస్రావం అదుపులో ఉంటుంది. మొదటి కాన్పులో గర్భసంచి కండరం గట్టిగా ఉండి చాలావరకు బిగిసే ఉంటుంది కనుక ఈ నొప్పి అంతగా తెలియదు. రెండో కాన్పు నుంచి కండరం సడలుతూ బిగుస్తూ ఉండటం వల్ల నొప్పి హెచ్చుగా ఉంటుంది. కవలలు పుట్టినవారికి కూడా ఇంతే. నా రెండో కాన్పులో ఈ సంగతి ఎవరూ ముందుగా చెప్పకపోవడం వల్ల, లోపల ఏదో తెగిపోయిందేమోనన్న భయంతో బిడ్డకు పాలివ్వడానికే రెండు రోజులు జంకాను. ఆ భయం మీకు కలగకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

పాలివ్వడానికి కూర్చునే ముందు తప్పనిసరిగా మూత్రానికి వెళ్ళి రండి. నిండిన మూత్రాశయం గర్భసంచిని పైకి, పక్కకు నెట్టి సరిగ్గా బిగియనివ్వదు. దానివల్ల నొప్పీ పెరుగుతుంది, రక్తస్రావమూ పెరుగుతుంది. కాన్పు తర్వాత ఒకటి రెండు రోజులు మూత్రం వస్తున్న సంగతి సరిగా తెలియదు కాబట్టి, వెళ్ళాలనిపించకపోయినా మూడు నాలుగు గంటలకు ఒకసారి వెళ్ళి ప్రయత్నించాలి. మామూలు కాన్పయినవారు పొత్తికడుపు కింద చిన్న దిండు పెట్టుకుని కాసేపు బోర్లా పడుకుంటే హాయిగా ఉంటుంది. వేడినీళ్ళ సంచిని గుడ్డలో చుట్టి, చర్మం ఎర్రబడని వేడితో పది పదిహేను నిమిషాలు పెట్టుకోవచ్చు. మంచం కింద కుంపటి పెట్టి, తలుపులు బిగించి కాపడం పెట్టడం మాత్రం వద్దు. మూసిన గదిలో బొగ్గుల నుంచి వచ్చే వాయువు తల్లికీ బిడ్డకూ ప్రాణాంతకం కాగలదు.

వీటితో తగ్గకపోతే, పాలివ్వడానికి అరగంట ముందు 650 మిల్లీగ్రాముల పారాసెటమాల్ మాత్ర ఒకటి వేసుకోవచ్చు. ఆరు గంటలకు ఒకటి చొప్పున, రోజుకు నాలుగు మించకూడదు. కాలేయ జబ్బు ఉన్నవారు డాక్టరును అడిగే వేసుకోవాలి. ఐబుప్రొఫెన్ కూడా పాలిచ్చే తల్లులకు వాడదగిన మందే కానీ, రక్తపోటు, ఉబ్బసం, మూత్రపిండాల జబ్బు, కడుపులో పుండు ఉన్నవారికి తగదు. కనుక డాక్టరు రాస్తేనే, అన్నం తిన్నాక వేసుకోండి. ఆస్పిరిన్ గానీ, ఇంట్లో ఎవరికో రాసిన గట్టి నొప్పి మాత్రలు గానీ వేసుకోకండి. ఊళ్ళోని ఆర్‌ఎంపీ చేత నొప్పి సూది వేయించుకోవడం ఇంకా ప్రమాదం. నొప్పి ఆ పూటకు అణగిపోతుంది, లోపలి కారణం మాత్రం పెరుగుతూనే ఉంటుంది.

ఈ పాల నొప్పి సాధారణంగా మూడు రోజుల్లో బాగా తగ్గి, వారానికి పోతుంది. వారం దాటినా అదే తీవ్రతతో ఉంటే చూపించుకోండి.

విరేచనం, గాలి, మూత్రం సంగతి చూడండి

మొదటి వారం దాటాక వచ్చే కడుపునొప్పుల్లో మలబద్ధకం వాటా చాలా ఉంటుంది. కుట్లు ఉన్నాయని ముక్కడానికి భయపడటం, కదలకుండా పడుకోవడం, ఐరన్ మాత్రలు, అన్నిటికీ మించి మన పత్యం, ఇవన్నీ కలిసి పేగును బిగదీస్తాయి. బాలింత నీళ్ళు తాగితే పొట్ట పెరుగుతుందనీ, పప్పు తింటే కుట్లు చీము పడతాయనీ మన మామ్మలూ అమ్మమ్మలూ చెప్పే మాటలకు ఆధారం లేదు. చీము సూక్ష్మజీవుల వల్ల పడుతుంది. పప్పులోని మాంసకృత్తులు గాయం మానడానికే పనికివస్తాయి. పాలిచ్చే తల్లికి నీళ్ళు తగ్గిస్తే మలం గట్టిపడి కడుపు పట్టేస్తుంది, మూత్రం చిక్కబడి మంట పుడుతుంది. పాలివ్వడానికి కూర్చున్న ప్రతిసారీ పక్కన ఒక చెంబుడు కాచి చల్లార్చిన నీళ్ళు పెట్టుకుని, దాహానికి తగ్గట్టు తాగండి.

పత్యం మొత్తాన్ని నేను కాదనను. వెల్లుల్లి కారం, వాము, మిరియాల చారు వంటలో వేసుకునే మోతాదులో హాని చేయవు. బాలింతకు మన వైపు చేసిపెట్టే సొరపిట్టు (సొర చేపతో చేసేది) మంచి మాంసకృత్తులున్న ఆహారం. నెయ్యి వేసి చేసే బాలింత మందు, కాయం ముద్ద, ఉదయాన్నే ఉసిరికాయంత తినడంలోనూ తప్పు లేదు. అయితే ఆ కాయంలోని నెయ్యి గానీ, భోజనంలో పోసే నెయ్యి గానీ ఎక్కువైన రోజున, తిన్న గంటకో రెండు గంటలకో కుడివైపు పక్కటెముకల కింద పోటు వచ్చి వీపులోకి పాకితే, అది పిత్తాశయంలో రాళ్ళ నొప్పి కావచ్చు. గర్భం సమయంలో ఆ రాళ్ళు ఏర్పడటం తరచుగా జరిగేదే. అజీర్ణమని ఇంకో ముద్ద తినిపించకుండా స్కానింగు చేయించండి. అదే చోట నొప్పికి ఇంకో ప్రమాదకరమైన కారణం ఉంది, దాన్ని కింద చెబుతాను. అన్నంలోకి తోటకూర, బీరకాయ, సొరకాయ వంటివి పెట్టండి. చక్రకేళి పండు తింటే జలుబు చేస్తుందని మాన్పించకండి. నాలుగు రోజులైనా విరేచనం కాకపోతే, పాలిచ్చే తల్లులకు సరిపడే లాక్ట్యులోస్ మందు రాయమని పీహెచ్‌సీలో (ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో) అడగండి. ఆముదం తాగించకండి.

ఐరన్ మాత్రల వల్ల మలం నల్లబడుతుంది, గట్టిపడుతుంది. అయినా వాటిని మానకండి. కాన్పు తర్వాత 180 రోజుల పాటు రోజుకొకటి వేసుకోవాలని ప్రభుత్వ కార్యక్రమంలోనే ఉంది. క్యాల్షియం మాత్రతో కలిపి కాకుండా వేరే పూట వేసుకోండి.

మూత్రం పోసేటప్పుడు మంట, మాటిమాటికీ వెళ్ళాలనిపించడం, పొత్తికడుపులో బరువు ఉంటే మూత్ర పరీక్ష చేయించాలి. దానికి చలిజ్వరం, నడుముకు ఒక పక్కన నొప్పి తోడైతే ఇన్ఫెక్షన్ మూత్రపిండానికి పాకి ఉండవచ్చు. అది ఇంట్లో ఉండదగిన జబ్బు కాదు.

పెద్ద ఆపరేషన్ అయినవారు

సిజేరియన్ తర్వాత కోత చుట్టూ నొప్పి, తిమ్మిరి, దురద కొన్ని వారాలు ఉంటాయి. రెండు మూడు రోజులు గాలి పట్టేసి కడుపు ఉబ్బరంగా ఉండటం, ఆ గాలి వల్ల కుడి భుజంలో పోటు రావడం కూడా జరుగుతుంది. దీనికి మందు నడకే. డాక్టరు లేవమన్న రోజునే లేచి, మంచం చుట్టూ నాలుగు అడుగులు వేయండి. లేచేటప్పుడు నిటారుగా లేవకుండా, ముందు పక్కకు ఒరిగి, మోచేతి మీద ఆని, కాళ్ళు కిందికి దించి లేవాలి. దగ్గు, తుమ్ము వస్తే చిన్న దిండును కోత మీద అదిమి పట్టుకోండి. బిడ్డ కన్నా బరువైనదేదీ ఆరు వారాల దాకా ఎత్తకండి.

స్నానం చేయించేటప్పుడు సలసల కాగే నీళ్ళను పొట్ట మీద కొట్టి పోయడం మనకు అలవాటు. కోత ఉన్నవారికి అది చేయకండి. గోరువెచ్చని నీళ్ళు పోసి, మెత్తని పొడి గుడ్డతో అద్ది ఆరనివ్వండి. గోదావరి గాలిలో తేమ ఎక్కువ కాబట్టి, పొట్ట మడత కింద కోత చెమ్మగా ఉండిపోకుండా రోజూ చూసుకోవాలి. పసుపు, బూడిద, కొబ్బరినూనె పెట్టకండి. కోత చుట్టూ ఎర్రబడి వేడెక్కినా, చీమో దుర్వాసనతో నీరో కారినా, కుట్టు విడినా ఆ రోజే చూపించాలి. కడుపు బాగా ఉబ్బి, వాంతులవుతూ, గాలి కూడా కిందికి పోకపోతే వెంటనే వెళ్ళాలి. కాన్పుతో పాటు పిల్లల ఆపరేషన్ చేయించుకున్నవారికి బొడ్డు కింద చిన్న కోత ఉంటుంది. దానికీ ఇవే జాగ్రత్తలు.

నడికట్టు గురించి చాలామంది అడుగుతారు. మెత్తని చీర గుడ్డను, లోపల రెండు వేళ్ళు దూరేంత వదులుగా కట్టుకుంటే నడుముకు ఆసరాగా ఉంటుంది, సిజేరియన్ అయినవారికి నడిచేటప్పుడు నొప్పి తగ్గవచ్చు. దానివల్ల గర్భసంచి త్వరగా తగ్గదు. ఊపిరాడనంత బిగిస్తే ఒత్తిడి కిందికి పడి కటి కండరాలు దెబ్బతినవచ్చు. మంత్రసాని చేత పొట్ట పిసికించుకోవడం ఎవరికీ మంచిది కాదు.

ఈ గుర్తుల్లో ఒక్కటి కనిపించినా ఇంట్లో ఉండకండి

100.4 లేదా అంతకు మించిన జ్వరం, లేదా వణికించే చలితో పొత్తికడుపు నొప్పి, మైలలో కుళ్ళు వాసన, పొట్టను తాకితేనే ఓర్చుకోలేకపోవడం గర్భసంచిలో ఇన్ఫెక్షన్‌కు గుర్తులు. ఇది గంటల్లో రక్తానికి పాకగలదు. అప్పుడు ఒక్కోసారి జ్వరం తగ్గిపోయినట్టే ఉండి, మనిషి మగతగా మారి, ఊపిరి వేగంగా తీస్తూ, నాడి నిమిషానికి 110 దాటుతుంది, మూత్రం తగ్గిపోతుంది. జ్వరం తగ్గిందని సంబరపడకూడని సందర్భం ఇదే.

గంటలో ఒక పెద్ద ప్యాడ్ పూర్తిగా తడిసిపోతున్నా, నిమ్మకాయంత గడ్డలు పడుతున్నా, కళ్ళు తిరుగుతున్నా, మాయ ముక్క లోపల మిగిలిపోయి ఉండవచ్చు. ఇటువంటి రక్తస్రావం కాన్పయిన 24 గంటల తర్వాత మొదలుకొని వారాల పాటు ఎప్పుడైనా రావచ్చు కాబట్టి, "పురుడు వెళ్ళిపోయిందిగా" అని ఊరుకోకండి.

పై కడుపులో, ముఖ్యంగా కుడివైపు పక్కటెముకల కింద నొప్పికి తలపోటు, చూపు మసకబారడం, ముఖం చేతుల వాపు తోడైతే ముందుగా రక్తపోటు చూపించాలి. గుర్రపువాతం (గర్భం వల్ల రక్తపోటు పెరిగి వచ్చే జబ్బు) కాన్పుతో ఆగిపోతుందని అనుకుంటారు. కాన్పు తర్వాత ఆరు వారాల లోపు కొత్తగా కూడా రావచ్చు. రక్తపోటు 140/90 లేదా అంతకు మించితే అదే రోజు డాక్టరును చూడాలి, 160/110 లేదా అంతకు మించితే అది అత్యవసరం. ఇక నొప్పి కుడివైపు పొత్తికడుపులోకి జరుగుతూ పెరుగుతుంటే అపెండిసైటిస్ కావచ్చు. బాలింత నొప్పుల కింద కలిసిపోయి ఆలస్యంగా బయటపడే జబ్బు ఇది. ఒక కాలి పిక్క వాచి నొప్పి పెట్టడం, ఛాతీ నొప్పి, ఆయాసం కడుపుకు సంబంధం లేనివైనా, రక్తం గడ్డకట్టిందనడానికి గుర్తులు కనుక వాటికీ వెంటనే వెళ్ళండి.

లంకలో ఉన్నవారు గోదారిని చూసి నిర్ణయించుకోండి

అమలాపురంలోనో భీమవరంలోనో ఉన్నవారు అర్ధరాత్రి అయినా ఆటో ఎక్కగలరు. లంకలో ఉన్నవారికి చీకటి పడ్డాక పడవ దొరకడం కష్టం. అందుకని వారికి ఒక నియమం చెబుతాను. మధ్యాహ్నానికి సందేహం కలిగితే, సాయంత్రం దాకా ఆగి చూద్దామనుకోకుండా వెలుతురు ఉండగానే రేవు దాటండి. పైన చెప్పిన గుర్తు ఏదీ లేకపోయినా, నిన్నటికన్నా ఈ రోజు నొప్పి పెరిగిందంటే అదే చాలు. అవతల చూపించుకుని ఏమీ లేదంటే తిరిగి రావచ్చు.

జూలై నుంచి సెప్టెంబరు దాకా వరద రోజుల్లో కాన్పయినవారు ఇంకా ముందే కదలాలి. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది ఎగరేస్తారు. మొదటి హెచ్చరిక రాగానే, కాజ్‌వేలు మునగకముందే, ఆరు వారాలు నిండని బాలింతను బిడ్డతో సహా గట్టు మీది బంధువుల ఇంటికి చేర్చండి. గర్భిణులను ముందుగా తరలించాలన్న జాగ్రత్త ఊళ్ళలో అలవాటైంది, బాలింత మాత్రం తరచుగా ఆ లెక్కలోకి రాదు. మీ ఆశా కార్యకర్తకు మీరే గుర్తుచేయండి. ఆసుపత్రిలో కాన్పయిన వారింటికి ఆశా 3, 7, 14, 21, 28, 42 రోజులకు రావాలి. ఆమె బిడ్డను తూచి వెళ్ళబోతుంటే ఆపి, మీ నొప్పి సంగతీ చెప్పండి.

108కు ఫోన్ చేసేటప్పుడు ఊరి పేరుతో ఆగకుండా, బండి ఏ రేవు దగ్గర ఏ ఒడ్డున ఆగాలో చెప్పి, పడవ నడిపేవారి నంబరు కూడా ఇవ్వండి. ఆ నంబరు కాన్పుకు ముందే క్యాలెండరు మీద రాసి ఉంచుకోవాలి.

ఆసుపత్రిలో

చీటీ రాసే దగ్గరే "కాన్పయి ఇన్ని రోజులైంది" అని మొదటి మాటగా చెప్పండి. ఉత్త కడుపునొప్పి అంటే మామూలు వరుసలో కూర్చోబెడతారు. డిశ్చార్జి కాగితాలు, తల్లీబిడ్డల రక్షణ కార్డు, వేసుకుంటున్న మాత్రల అట్టలు, మీరు రాసుకున్న క్యాలెండరు కాగితం తీసుకెళ్ళండి. జ్వరం, నాడి, రక్తపోటు చూశారా అని అడగండి. మూత్ర, రక్త పరీక్షలు, గర్భసంచి స్కానింగు అవసరమా అని అడగడానికి మొహమాటపడకండి. దగ్గరి ఆసుపత్రిలో స్త్రీ వైద్య నిపుణులు లేకపోతే, కాకినాడ లేదా రాజమహేంద్రవరం ప్రభుత్వ ఆసుపత్రికి పంపుతారు. ఆ మాట విన్నాక ఇంటికి వెళ్ళి ఆలోచించుకుందామని వెనక్కి రాకండి.

బిడ్డను వెంట తీసుకెళ్ళండి. యాంటీబయాటిక్స్ మొదలుపెట్టగానే పాలు మాన్పించేవారు ఉన్నారు. ఇన్ఫెక్షన్‌కు ఇచ్చే మందుల్లో చాలావాటితో పాలివ్వడం కొనసాగించవచ్చు కాబట్టి, మానాలా అని రాసిన డాక్టరునే అడగండి. ఒకవేళ మానమంటే, ఎన్ని రోజులో కచ్చితంగా తెలుసుకుని, ఆ రోజుల్లో మూడు గంటలకోసారి పాలు పిండి పారబోస్తూ ఉంటే, మందు ఆగాక పాలు ఎప్పటిలా పడతాయి.